సున్నాన్ని పట్టే పొడి

గురువమ్మ ఆవు ఈనిన మర్నాడు యూనిస్ కాలనీకి వెళ్లేసరికి కుళాయి దగ్గర గిన్నెల చప్పుడు అప్పుడే మొదలైపోయింది. ఒడిశాలోని జయపురం మున్సిపాలిటీ తన పనివాళ్ల కోసం ఎప్పుడో కట్టించిన రెండు వరసల ఇళ్లు అవి. రోడ్లు ఊడ్చేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు, చెత్త ట్రాక్టరు తోలేవాళ్లు, అందరూ తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే. రెండు వరసలకీ కలిపి ఒకటే బోరు కుళాయి. ఆ నీళ్లు మహా గట్టివి. గిన్నె కడిగి బోర్లిస్తే ఆరేలోగా తెల్ల పొర కట్టేస్తుంది, పప్పు ఒక పట్టాన ఉడకదు, తలంటుకుంటే జుట్టు చీపురుకట్టలా తయారవుతుంది. ఆ పొర సున్నం. నీళ్లలోని సున్నాన్ని పట్టి లాగేసే పొడి ఒకటి యూనిస్ పనిచేసే చిన్న కంపెనీలో తయారవుతోంది. దాన్ని వాడి చూడమని కాలనీలో ఇంటింటికీ ఉచితంగా పంచి వారం దాటింది.

యూనిస్ గిన్నెలు చూడ్డానికి వచ్చింది. చూడ్డమంటే మామూలుగా చూడ్డం కాదు. గురువమ్మ బోర్లించిన సిల్వర్ దేకిసాని రెండు చేతులా ఎత్తి, ఎండకి తిప్పి, అడుగున బొటనవేలితో గట్టిగా రుద్ది, ఆ వేలిని కంటి దగ్గర పెట్టుకుంది. తెలుపు అంటలేదు. అంచు కింద గోరుతో గీకింది. గోట్లోకీ ఏమీ రాలేదు. పెళ్లిచీర నచ్చిన పిల్ల మొహం కూడా అంత వెలగదు.

"పొర మొత్తం పోయింది పిన్నీ."

"పోదేటి మరి. మాస్టారి కూతురు సేసిన పొడి," అంది గురువమ్మ. పీచు మీద ఇంకాస్త పొడి జల్లుకుని ఇత్తడి చెంబు అందుకుంది. తెల్లారకుండానే మార్కెట్టు వీధంతా ఊడ్చి వచ్చిన మనిషి, అలసటన్నది కనపడనివ్వదు. యూనిస్ తండ్రి ఆశీర్వాదం మాస్టారు ఆ కాలనీ పిల్లలకి అక్షరాలు దిద్దించినవాడు. కంపెనీ మనుషులు ముందు ఒకసారి పొడి పట్టుకొస్తే ఎవరూ తలుపు కూడా తియ్యలేదు. యూనిస్ వచ్చి చెప్పాకే తీసుకున్నారు.

గురువమ్మ చెంబు తోమి, మొదటి కడుగు నీళ్లని వెడల్పు బేసినులోకి వంచింది. రెండో కడుగు నీళ్లు కాలవలోకి వదిలింది. కాలనీలో ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. సబ్బుబిళ్లతో తోమితే నురగొస్తుంది కాబట్టి మొదటి నీళ్లు కూడా కాలవ పాలే. బూడిదతోనో చింతపండుతోనో తోమితే నురగ రాదు. మెతుకులూ, గంజీ, చోడంబలి అడుగూ కలిసిన ఆ నీళ్లని ఎవరూ పారబొయ్యరు, కుడితిలో కలుపుతారు. నురగొస్తే కాలవకి, రాకపోతే ఆవుకి. నడక నేర్చిన పిల్లని అడిగినా చెప్తుంది. యూనిస్ పొడికి నురగ రాదు. రాకూడదని ఆమే పట్టుబట్టి తీయించింది. నురగ లేకపోతే గిన్నె కడగడానికి నీళ్లు సగమే పడతాయి, ఎండాకాలంలో బిందెల కోసం కొట్టుకునే ఈ ఊళ్లో అది చిన్న సంగతా? పాపం, మంచి ఆలోచనే. యూనిస్ వాళ్లింట్లో మాత్రం ఆవు లేదు, సింకు ఉంది.

పక్కింటి కోడలు సుభశ్రీ తన బేసిను నడుముకి ఆనించుకుని వచ్చింది. ఆ వెనక మరో ఇద్దరు. అందరూ గురువమ్మ గోడవారనున్న సిమెంటు గోలెంలోకి తమ కడుగునీళ్లు దిమ్మరించి పోయారు. కాలనీలో ఆవుకి ఈనే రోజులు దగ్గర పడ్డాయంటే చాలు, అందరిళ్ల కుడితీ ఆ ఆవుకే. బదులుగా జున్ను అందరిళ్లకీ వెళ్తుంది. గురువమ్మ గోలెంలో గుప్పెడు తవుడు వేసి చేత్తో కలిపింది. ఆమె ఆవు చంద్రి ముట్టె మునిగేదాకా తల దించి, ఊపిరి తీసుకోకుండా తాగింది. ఎర్రటి జెర్సీ ఆవు, ఈనిన అలసటలో కూడా పొదుగు బిందెలా ఉంది. పెయ్యదూడ కాళ్లు ఎటుపడితే అటు వేస్తూ తల్లి కింద దూరింది.

"వారం బట్టీ తెగ తాగేస్తందమ్మి. ఉప్పగా ఉంటాదేమో దీనికి," అని గురువమ్మ చెయ్యి కడుక్కుని, లోపల్నుంచి స్టీలు గిన్నెలో జున్ను తెచ్చి ఇచ్చింది. "ఇంతకీ దీన్ని దేంతో సేస్తారు మీరు?"

"చక్కెరా, పులియబెట్టిన పిండీ. చింతపండు పులుపు లాంటిదే అనుకో. మామూలు పొడులైతే కాలవలోంచి చెరువులోకి పోయి గుర్రపుడెక్క పెంచుతాయి. ఇది అలాకాదు. చేపపిల్లకి కూడా హాని లేదు పిన్నీ."

"సేపకే లేనప్పుడు ఆవుకేటి," అంది గురువమ్మ.

యూనిస్ నోట్లో జున్నుంది. మిరియం తగిలి నాలుక చురుక్కుమంటోంది. ఆ మాటకి నవ్వి తల ఊపింది. ఊపకుండా ఉండాల్సింది.

*

కాలవ నీళ్లు సీసాల్లో పట్టుకుందామని శుక్రవారం పొద్దున్న మళ్లీ వెళ్తే కుళాయి దగ్గర చప్పుడు లేదు. అందరూ గురువమ్మ పాక ముందు ఉన్నారు.

చంద్రి పడుకుని ఉంది. ఆవు పడుకోవడం వింతేం కాదు. కానీ దీని మెడ వెనక్కి మడత పడి, మూతి డొక్కలో దూరి ఉంది, ఎవరో పట్టి వంచినట్టు. గురువమ్మ దాని తలని రెండు చేతులా ముందుకి తిప్పింది. వదలగానే అది మళ్లీ మెల్లిగా వెనక్కే పోయింది. ముట్టె పొడిగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూస్తున్నట్టు లేవు.

"సెవులు పట్టుకుని సూడు అమ్మి."

యూనిస్ పట్టుకుంది. ఎండ వీపు మీద చురుక్కుమంటోంది, ఆవు చెవులు మాత్రం కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి.

పశువుల ఆస్పత్రి ఇనస్పెక్టరు బిశ్వజిత్ మోటార్‌సైకిలు మీద వచ్చాడు. ఒడియా మనిషే గానీ ఈ కాలనీలో తిరిగి తిరిగి తెలుగు పట్టేశాడు. ఆవుని ఒక్క చూపు చూసి, ఏమీ అడక్కుండానే సంచీలోంచి మందు సీసా, గొట్టం తీశాడు. మెడ కింద నరం వేలితో నొక్కి ఉబ్బించి సూది దింపాడు. సీసా ఎత్తి పట్టుకోమని యూనిస్‌కి ఇచ్చి, తను ఆవు గుండె మీద చెవిగొట్టం ఆన్చి కూర్చున్నాడు.

"ఇంకా దించు. మెల్లిగా పోవాలి. జోరుగా పోతే గుండె ఆగిపోద్ది," అన్నాడు.

సీసాలో బుడగలు ఒకటొకటిగా లేస్తున్నాయి. సగం అయ్యేసరికి చంద్రి డొక్క మీద చర్మం అలలు అలలుగా వణికింది. పెద్దగా తేన్చింది. ముట్టె మీద చెమట బొట్లు పొడిచాయి. సీసా అయిపోయి సూది తీశాక అది పేడ వేసి, ముందు కాళ్లు ముడిచి, ఒక్క ఊపుతో లేచి నిలబడింది. ఆడవాళ్లు చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గురువమ్మ ఆవు మెడ కౌగిలించుకుని ఏడ్చేసింది, ఎవరేమనుకుంటారని కూడా చూసుకోలేదు.

"దీనికేటొచ్చింది బాబూ?"

"ఒంట్లో సున్నం తగ్గిపోయింది మా. పాలల్లోకి లాగేసుకుంటాయి ఈ జెర్సీలు. ఈనాక రెండు మూడు రోజుల్లో పడిపోడం ఉంటాది. ఠిక్ హెయిజిబ, బాగైపోద్ది," అన్నాడు బిశ్వజిత్ చేతులు కడుక్కుంటూ. "కానీ మళ్లీ పడొచ్చు. బాగా మేపు. బాగా తాగించు."

సీసా పట్టుకున్న యూనిస్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. సున్నం అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. సుభశ్రీ అప్పుడే బేసిను తెచ్చి గోలెంలో వంపుతోంది. "పాపం ఆకలిగుంటాది, తాగనీ," అన్నారు ఎవరో వెనక నుంచి. చంద్రి గోలెం వైపు నడిచింది. యూనిస్ గబగబా కాలవ నీళ్ల కోసం తెచ్చిన సీసా ఒకటి గోలెంలో ముంచి మూత బిగించుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. మాస్టారి కూతురు, ఏవో సీసాలు నింపుకుంటూనే ఉంటుంది.

*

కంపెనీ అంటే ఊరి చివర రేకుల షెడ్డు, దాని వెనక ఒక చిన్న గది. ఆ గదే ల్యాబు. అక్కడ యూనిస్‌కి కుర్చీలో కూర్చునే అలవాటు లేదు.

కుడితిని వడగట్టింది. తవుడూ మెతుకులూ కాగితం మీద మిగిలాయి. తేరిన నీళ్లని గాజుపాత్రలో పోసి, పైన గాజుగొట్టంలో సున్నపు నీళ్లు నింపింది. రోజూ చేసే పరీక్షే. గొట్టంలోంచి సున్నపు నీళ్లు బొట్టుబొట్టుగా వదలాలి. కింద నీళ్లలో పట్టే గుణం ఉన్నంతసేపూ అవి తేటగానే ఉంటాయి, పడిన సున్నాన్నల్లా మింగేస్తాయి. ఇంక మింగలేనప్పుడు పాలు కలిపినట్టు తెల్లబడతాయి. ముందుగా తనింటి బియ్యం కడుగు నీళ్లని తేర్చి, వాటితో చేసి చూసింది. నాలుగు బొట్లకే తెల్లబడింది.

కాలనీ కుడితి తెల్లబడలేదు. ఆమె బొట్లు వదులుతూనే ఉంది. పడిన చోట ఒక తెల్లని మచ్చ పుట్టడం, తిరిగే నీళ్లలో అది మాయమవడం. మళ్లీ మచ్చ, మళ్లీ మాయం. గొట్టం ఖాళీ అయింది. మళ్లీ నింపింది. వేరే రోజైతే ఎగిరి గంతేసేది, ఇంత పట్టు ఉన్న సరుకు ఇంతవరకు చెయ్యలేదు మరి. ఇప్పుడు పాత లెక్కల పుస్తకం తీసి తిరగేసింది.

ఒక్క ఇంటి గిన్నెలు కడిగితే పొడి ఎంత పోతుందో ఆమె ఇదివరకే లెక్క కట్టింది. కాలవలో ఎంత పలచబడుతుందో, చెరువులో ఎన్నాళ్లకి పురుగూ మట్టీ తినేస్తాయో అదీ చూసింది. అన్నిట్లోనూ పొడి నెగ్గింది. నాలుగేళ్ల చాకిరీ అది. కాలనీ మొత్తం గిన్నెల కడుగు ఒకే గోలెంలో చేరుతుందని, ఒంట్లో సున్నమంతా పాలకి ధారపోస్తున్న ఆవు వారం రోజులుగా దాన్ని పొట్ట నిండా తాగుతుందని ఏ లెక్కలోనూ లేదు.

సౌమ్యరంజన్ ఆ కంపెనీ యజమాని. ఊరి చెరువు సబ్బు నురగతో చావడం చూడలేక ఈ పని మొదలుపెట్టిన మనిషి, దుర్మార్గుడేం కాదు. ఆమె చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు. గాజుపాత్ర ఎత్తి వెలుతురులో చూశాడు. కంగారొస్తే అతను ఒడియాలో ఇంగ్లీషు కలిపేస్తాడు, ఇప్పుడూ అలాగే మాట్లాడాడు.

"ఈనిన ఆవులు పడిపోవడం ఎప్పుడూ ఉన్నదే కదా మేడమ్. ఇనస్పెక్టరే అన్నాడంటున్నారు."

"అన్నారు సార్. కానీ ఈ కుడితి చూడండి. లేచే ఆవుని కూడా లేవనివ్వదు ఇది."

"కాదనడం లేదు." పాత్ర కింద పెట్టాడు. "ఈ రోజే వెళ్లి ప్యాకెట్లన్నీ వెనక్కి తెచ్చేయండి. పొడి ఉండదు కాబట్టి ప్రమాదమూ ఉండదు. పశువులకి పెట్టరాదని ప్యాకెట్టు మీద రేపటి నుంచి అచ్చు వేద్దాం. కాలనీలో మాత్రం కారణం చెప్పకండి."

"చెప్పకపోతే ఎలా సార్?"

"సోమవారం భువనేశ్వర్ నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. అది కూడా వదిలేయండి. ఆవుకి విషం పెట్టారన్న మాట ఒకటి బయల్దేరిందంటే, దాన్ని ఆపడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. ఈ షెడ్డు ఉండదు. మీరేమో చర్చికి వెళ్లే మనుషులు, మీ ఇంటి ముందుకి ఎవరొస్తారో చెప్పలేం. మీ ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు."

బయట ప్యాకెట్లు కట్టే ఆడవాళ్లు ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. యూనిస్ తలుపు వైపు చూసింది. భయం వేసింది నిజమే. దాంతోపాటు హాయిగానూ ఉంది, అదీ నిజమే. చెప్పొద్దని పైవాళ్లే అన్నారు, ఇంక తన చేతుల్లో ఏముంది. ఆ హాయికి సిగ్గుపడాలని ఆమెకి తెలుసు. తెలిసే గోనెసంచీ చేతిలోకి తీసుకుంది.

*

"ఇంకా మంచి సరుకు తయారవుతోంది. పాతది వెనక్కి ఇచ్చేయమన్నారు."

ప్రతి గుమ్మం దగ్గరా అదే మాట. రెండో గుమ్మానికే ఆ అబద్ధం నాలుకకి అలవాటైపోయింది. ఆడవాళ్లు మొహాలు చిన్నబుచ్చుకున్నారు గానీ ఎవరూ కాదనలేదు. "ఉండు, తెస్తాను," అని లోపలికెళ్లారు. ఎవరూ వెంటనే రాలేదు, ప్రతి ఇంట్లోనూ కాస్త ఎక్కువసేపే పట్టింది. మూతి మడిచి దారం కట్టిన ప్యాకెట్లు తెచ్చి సంచీలో పడేశారు. మోస్తుంటే సంచీ బరువు లేదు. వారం పైగా తోమారు కదా అనుకుంది.

గురువమ్మ పాలు పిండుతోంది. చెంబులో ధార చుయ్యిమని పడుతోంది. చంద్రి నిలబడి నెమరు వేస్తోంది, కానీ వెనక కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దించుతోంది, నేల కాలుతున్నట్టు.

"ఎలా ఉంది పిన్నీ?"

"లెగిసింది, సాలు. మేత మాత్రం ముట్టలేదు. కుడితి తాగింది." గురువమ్మ చెంబు గట్టున పెట్టి, లోపలికెళ్లి ప్యాకెట్టు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, వెంటనే చెయ్యి తియ్యలేదు. రెండో చివర యూనిస్ పట్టుకుని ఉంది.

"ఓ మాట అడుగుతాను అమ్మి. ఇందులో ఏటైనా తేడా ఉందేటి? ఉంటే సెప్పు."

ఎదురింటి రేడియోలో ఒడియా పాట వస్తోంది. దూడ వచ్చి యూనిస్ చున్నీ చివర నోట్లో పెట్టుకుని చప్పరించింది. గురువమ్మ మొహంలో అనుమానం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తుందని చూస్తోంది, అంతే. చెప్పడానికి ఆ క్షణమే ఉంది. యూనిస్ దూడ నోట్లోంచి చున్నీ లాక్కుంది.

"ఏమీ లేదు పిన్నీ."

"అదే కదా. నాకూ అలాగే అనిపించింది," అని గురువమ్మ ప్యాకెట్టు వదిలేసింది.

యూనిస్ నాలుగడుగులు వేసి ఆగింది. "కుడితి రెండు రోజులు ఆపి చూడు పిన్నీ. ఉత్త మంచినీళ్లు పట్టు."

"ఈనిన ఆవుకి కుడితి ఆపుతారేటి ఎవరైనా? బాగా తాగించమని బిశ్వజిత్ బాబు నీ ముందే కదా సెప్పేడు."

దానికి ఉన్న జవాబు ఒకటే, అది చెప్పకూడనిది. పొడి సంచీలోకి వచ్చేసింది కదా, ఇంక కుడితి ఉత్త కుడితే కదా అని తనకి తాను చెప్పుకుంటూ ఇంటికెళ్లింది. ఆ రాత్రి అన్నం సయించింది కూడా.

*

ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే సుభశ్రీ ఫోన్ చేసింది. "అక్కా, బేగి రా. ఆవు మళ్లీ పడిపోయింది. బిశ్వజిత్ బాబు ఫోను కలవట్లేదు."

ఆటోలోంచి యూనిస్ అతనికి ఫోన్ చేస్తూనే ఉంది. చివరికి కలిసింది. అతను బొయిపరిగుడలో టీకాల క్యాంపులో ఉన్నాడు. బయల్దేరుతున్నానన్నాడు. ఆవుని ఒక పక్కకి ఒరగనివ్వొద్దు, కడుపు ఉబ్బితే ఊపిరందదు అన్నాడు.

అప్పటికే ఒరిగిపోయి ఉంది. నాలుగు కాళ్లూ చాపేసి, మెడ నేలకి ఆనించి, ఎడమ డొక్క డోలులా ఉబ్బి. గురువమ్మ, సుభశ్రీ, ఇంకో నలుగురు కలిసి దాన్ని బోర్లా కూర్చోబెట్టడానికి తోస్తున్నారు. ఊకబస్తా ఒకటి వీపుకి ఎగదోశారు. యూనిస్ చర్చి చీరతోనే మోకాళ్ల మీద కూర్చుని భుజం పెట్టి తోసింది. ఆవు ఒళ్లంతా చల్లగా, బరువుగా ఉంది. మూలుగు తప్ప దానిలోంచి ఏమీ రావట్లేదు. గుంజకి కట్టేసిన దూడ అరుస్తోంది.

"నిన్న రేత్రి కూడా గోలెం నిండా తాగిందమ్మి," అంది గురువమ్మ ఆయాసపడుతూ. "ఇంతలోనే ఏటైపోయిందో. అందరూ రెండేసి సార్లు తెచ్చి పోసేరు పాపం."

"రెండేసి సార్లా?"

"నీరసంగా ఉంది కదక్కా," అంది సుభశ్రీ. "ఉన్న గిన్నెలన్నీ, అటక మీదవి కూడా దింపి తోమేం. కుడితి ఎక్కువొస్తాదని."

యూనిస్ భుజం ఆవు వీపుకి ఆనించే ఉంది. "దేంతో తోమారు?"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుభశ్రీ తల దించుకుని వాళ్లింట్లోకి వెళ్లి, హార్లిక్స్ డబ్బా తెచ్చింది. మూత తీసి చూపించింది. సగం దాకా తెల్లటి పొడి.

"తప్పేనమ్మి," అంది గురువమ్మ. ఆ స్థితిలో కూడా ఆమె గొంతులో మొహమాటం. "పేకెట్లు ఇచ్చీమన్నావు, ఇచ్చీసేం. గిన్నెలు బాగా వస్తన్నాయని అడుగున కొంచెం వొదిలి మిగతాది డబ్బాల్లో పోసుకున్నాం. అందరం అదే పని సేసేం. మీ సారుతో సెప్పకు, నీకు మాటొస్తాది."

దొంగతనం చేశామని వాళ్లు ఆమె ముందు సిగ్గుపడుతున్నారు. కారణం ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పొడిని ఎవరు దాచుకుంటారు? నిప్పుని దూరం పెట్టినట్టు దూరం పెట్టేవాళ్లు.

"ఆవు పడిపోయింది దీనివల్లే పిన్నీ," అంది. "ఇది సున్నాన్ని పట్టేస్తుంది. గిన్నె మీద సున్నాన్నే కాదు, ఆవు కడుపులోదీ పట్టేస్తుంది. ఒంటికి అందనివ్వదు. కుడితిలో కలిపితే ఇలాగే అవుతుంది."

సుభశ్రీ డబ్బా వెనక్కి లాక్కుంది. "పొడి వెనక్కి తీసుకోడానికి అంటన్నావేమో అక్కా. నువ్వే కదా ఏటీ కాదన్నావు, సింతపండు లాంటిదన్నావు. కావాలంటే తీసుకుపో, ఇలాంటి మాట ఎందుకూ."

ఆమె పక్కన నిలబడ్డవాళ్లూ అదే అనుకుంటున్నట్టు చూశారు. అబద్ధాన్ని ప్రేమగా నమ్మారు, నిజం చెబితే కంపెనీ నేర్పిన ఎత్తులా వినిపిస్తోంది వాళ్లకి.

గురువమ్మ మాత్రం ఆవు తల ఒళ్లోంచి దించకుండానే అడిగింది. "మొన్న నేనడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

గురువమ్మ చంద్రి మూతి చుట్టూ మూగిన ఈగల్ని కొంగుతో తోలింది. ఆ ఒక్క మాటతో మిగతావాళ్లకీ అర్థమైపోయింది. సుభశ్రీ డబ్బా మూత పెట్టేసి, అటూ ఇటూ చూసి, దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుంది.

బిశ్వజిత్ వచ్చేసరికి ఎండ పాకలోకి దిగింది. బండి స్టాండు కూడా వెయ్యలేదు, గోడకి ఆనించి పరుగెత్తాడు. సూది దింపాడు. ఈసారి సీసా సుభశ్రీ పట్టుకుంది. యూనిస్ చెయ్యి చాచింది గానీ ఎవరూ ఇవ్వలేదు. బుడగలు లేస్తున్నాయి. అందరూ ఆవు చర్మం వైపే చూస్తున్నారు, మొన్నటిలా వణుకు పుడుతుందేమోనని. బిశ్వజిత్ చెవిగొట్టం ఒక చోట ఆన్చి, తీసి, ఇంకో చోట ఆన్చాడు. కాసేపటికి చెయ్యెత్తి సీసా దించమన్నాడు. సూది లాగేసి, వేలితో ఆ చోటు నొక్కి పట్టుకున్నాడు. నొక్కాల్సిన పనేం లేదు, రక్తం రాలేదు.

"అయిపోయింది మా," అన్నాడు.

గురువమ్మ ఏడవలేదు. మొన్న లేచి నిలబడినప్పుడు ఏడ్చిన మనిషి ఇప్పుడు ఒక్క చుక్క రాల్చలేదు. చంద్రి కళ్లు మూసింది. లేచి, గోలెం దగ్గరకి వెళ్లి, అంచు పట్టుకుని వంచడానికి చూసింది. సిమెంటు గోలెం కదల్లేదు. ఇద్దరు ఆడవాళ్లు చెయ్యి వెయ్యబోయి ఆగిపోయారు. ఆ నీళ్లు ముట్టుకోవచ్చో లేదో వాళ్లకి తెలియలేదు.

రెండో వరసలో ఇంకో ఆవు చూడితో ఉంది. ఆ ఇంటావిడ పరుగున వెళ్లి తన డబ్బా పట్టుకొచ్చింది. ఆమెని చూసి తక్కినవాళ్లూ వెళ్లారు. డబ్బాలు, సీసాలు, ప్లాస్టిక్ కవర్లు, ఒకావిడ దగ్గరైతే పసిపిల్లల పౌడరు డబ్బా. అన్నీ పట్టుకుని పాక ముందు నిలబడ్డారు.

"ఎక్కడ పొయ్యాలి దీన్ని?" అంది సుభశ్రీ, బిశ్వజిత్ వైపు చూసి. అతనికేం తెలుసు, యూనిస్ వైపు చూశాడు.

"మట్టిలో పోసెయ్యండి," అంది యూనిస్. "అక్కడ గోడవారనే పొయ్యొచ్చు. మట్టికి ఏమీ కాదు. కొన్నాళ్లకి అదే మట్టిలో కలిసిపోతుంది. నిజంగా ఏమీ కాదు."

అది నిజం. ఆ పొడి గురించి ఆమె నాలుగేళ్లు తల బద్దలు కొట్టుకుని రుజువు చేసింది ఆ ఒక్క సంగతే. గోడవారన గురువమ్మ వేసుకున్న బచ్చలిపాదు ఉంది, పక్కన పిల్లలు ఆడుకునే జాగా ఉంది. ఆడవాళ్లు ఆ మట్టిని చూశారు. ఒకరైనా డబ్బా మూత తియ్యలేదు. ఒక్కరూ అడుగు కదపలేదు.

గురువమ్మ సుభశ్రీ చేతిలోంచి డబ్బా తీసుకుంది. రెండు చేతులా పట్టుకుని వచ్చి, యూనిస్ చేతుల్లో పెట్టింది. మొహంలోకి చూడలేదు.

"ఇక్కడ వొద్దు," అంది. "మీరే అట్టుకెళ్లిపోండి మేడమ్."